మూల లేని తెల్లగోడ

మొన్న గుడివాడలో మనవరాలిని ఫోటో స్టూడియోకి తీసుకెళ్ళాను. పిల్ల మొవ్వ ఊరెళ్ళి నాట్యం నేర్చుకుంటోంది. వేషం కట్టి, కాళ్ళకు పారాణి దిద్దుకుని, నిలువెత్తు ఫోటో కావాలని కూర్చుంది. అక్కడి కుర్రాడు పైకప్పు నుంచి నేల దాకా తెల్ల కాగితం చుట్ట ఒకటి దింపి, అటూ ఇటూ గొడుగుల్లాంటి దీపాలు పెట్టి, టకటకా నొక్కి, తెర మీద చూపించాడు. పిల్ల గాలిలో వేలాడుతోంది. పాదాల కింద ఏమీ లేదు.

"నీడేదయ్యా?" అన్నాను.

"తీసేశానండీ అమ్మమ్మగారూ. నీట్‌గా ఉంటదని."

"నీట్‌గా కాదు, ఉరేసినట్టుంది. నీడ పెట్టు."

కుర్రాడు బిక్కమొహం వేశాడు. "మా అమ్మమ్మకి కోపం ఎక్కువ, పెట్టేయండి" అంది మనవరాలు. నిజమే, ఎక్కువే. మా ఇంటావంటా ఉన్న కోపం అది. దాని మూలంగా మా నాన్న కుడిచెయ్యి పోయింది. ఆ దీపాల వేడి మొహానికి తగలగానే నాకు అదంతా గుర్తొచ్చింది, ముందుగా మాడిన చేగోడీల వాసనతో సహా.

మాది బందరు. వీధి వైపు పెద్ద గది స్టూడియో, వెనక రెండు గదులూ వంటిల్లూ మా కాపురం. ముందుగదిలోంచి ఫోటో మందుల పుల్లటి వాసన వచ్చేది, వంటింట్లోంచి నాయనమ్మ బెల్లప్పాకం వాసన, గాలి తిరిగితే సముద్రం వైపు నుంచి ఎండుచేపల వాసన. ఈ మూడూ కలిస్తేనే నాకు ఇల్లు. బళ్ళో పిల్లలు నా దగ్గర కూర్చుని ముక్కు మూసుకునేవాళ్ళు. మూసుకున్నవాళ్ళని గిల్లేదాన్ని. గిల్లడం చాలకపోతే కొరికేదాన్ని.

నాన్న గర్వమంతా ఒక గోడ. ఆ గోడకూ నేలకూ మధ్య మూల లేదు. గానుగ సున్నం మెత్తి, గోడను కిందకు వంపు తిప్పి, నేలలో కలిపేశాడు. గోడ ఎక్కడ ఆగిందో, నేల ఎక్కడ మొదలైందో కంటికి తెలియదు. శుక్రవారం శుక్రవారం అమ్మా నాయనమ్మా దానికి తేటసున్నం వేసి, ఆరాక గుడ్డతో రుద్దేవాళ్ళు. నాన్న ఇంట్లో లేనప్పుడు నేను ఆ వంపు మీద కూర్చుని కిందకు జారేదాన్ని. లంగా వెనక తెల్లటి మచ్చ పడేది. ఆ మచ్చ చూసి నాన్న నా వీపు విమానం మోత మోగించేవాడు. అయినా మర్నాడు మళ్ళీ జారేదాన్ని.

ఆయన పద్ధతి ఆయనదే. గోడకు రెండు దీపాలు, మనిషికి ఒకటి. గోడ దీపాలు చెక్క పలకల వెనక దాక్కుని ఉంటాయి. మనిషి దీపానికి అడ్డంగా ఉతికిన పాత పంచె కట్టి ఉంటుంది, వెలుతురు మెత్తబడాలని. మనిషి గోడకు దూరంగా, గది నడిమికి వచ్చి నిలబడాలి. వెనక్కి జరిగితే నీడ గోడెక్కుతుంది. గోడకు వెలుతురు తగ్గితే బూడిదరంగులోకి పోతుంది. మరీ ఎక్కువైతే ఆ తెలుపు రెండు పక్కల నుంచీ వచ్చి చెవుల్నీ చేతివేళ్ళనీ తినేస్తుంది. "గోడ తెల్లగా ఉండాలి గానీ మనిషి తెల్లబోకూడదు" అనేవాడు. అన్నిటికన్నా కష్టం పాదాల దగ్గర. అక్కడ గుప్పెడు నీడ మిగలాలి. అది లేకపోతే మనిషి నేల మీద ఉన్నట్టు కాదు. ఆ గుప్పెడు నీడ కోసం దీపాన్ని బెత్తెడు ఇటూ బెత్తెడు అటూ జరుపుతూ పూట గడిపేసేవాడు. విసుక్కున్న పెళ్ళికొడుకుల మీద అరిచేవాడు. ఆడవాళ్ళ ఫోటోలకు అమ్మ వచ్చి చీర కుచ్చిళ్ళు సర్ది, దీపాలు కూడా తనే చూసేది. చివరికి మాత్రం అందరికీ ఒకటే మాట: "కదలొద్దు! ఊపిరి బిగబట్టండి!" రాయిలా నిలబడేవాళ్ళు. ఆ మాటకు కదిలిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు.

గోడ దగ్గరికి చెప్పులతో ఎవరూ రాకూడదు. గుమ్మం పక్కన గాబు, చెంబు. కాళ్ళు కడుక్కుని, గోనెపట్టా మీద తుడుచుకుని రావాలి. ప్లీడర్లైనా, దొరలైనా అంతే.

ఒకరోజు దివిసీమ నుంచి ఒక పెద్ద ఆసామి వచ్చాడు. కండువా, సెంటు, కొత్త చెప్పులు. వెనక ఇద్దరు పాలేర్లు. అందులో ఒకడు బాగా పొడగరి. లోపలికి రాగానే నోరు తెరుచుకుని ఆ గోడనీ దీపాల్నీ చూస్తూ నిలబడిపోయాడు.

"ఇందులో మనిషంతా పడతాడా అమ్మా? కాళ్ళు గూడానా?" అని అడిగాడు అమ్మని.

"పడతాయి. కదలకుండా నిలబడితే" అంది అమ్మ.

ఈలోగా నాన్న ఆసామికి గాబు చూపించాడు. "చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కుని రండి."

"నిలువెత్తు ఫోటోకి వచ్చిందే ఈ చెప్పుల కోసమయ్యా."

"మంచిది. చెప్పులే కడిగి తొడుక్కోండి."

"నీ నేల కోసం నేను చెప్పులు కడగాలా? నువ్వు నా పొలంలోకొస్తే చేతులు కట్టుకుని వస్తావు. తెలుసా?" అంటూ ఆసామి నడిచాడు. తడి ఆరని నల్లమట్టి. తెల్లటి నేల మీద ఒక్కో అడుగూ అచ్చు దిగింది. గోడ వంపు దాకా వెళ్ళి, కావాలనే మడమ తిప్పి, రుద్దాడు.

నాన్న ఆయన చెంప పగలగొట్టాడు. నాలుగు వేళ్ళూ తేలాయి. కండువా ఊడి కింద పడింది. పొడగరి వంగి, దాన్ని తీసి, దులిపి, యజమాని భుజం మీద వేశాడు. ఆసామి గుమ్మం దాటాక వెనక్కి తిరిగి నాన్న చేతిని చూశాడు. మొహాన్ని కాదు, చేతిని.

"వాడి పొగరు దిగింది" అంటూ నాన్న ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాడు. "దిగలేదురా, ఇంటికి తీసుకెళ్ళాడు" అంది నాయనమ్మ. నాకు మాత్రం పండగలా ఉంది. బళ్ళో అందరికీ చెప్పాను, చెప్పినప్పుడల్లా ఒక చెంపదెబ్బ పెంచాను.

ఆదివారం మధ్యాహ్నం వచ్చారు. సాయంత్రం ఒక పెళ్ళికూతురి ఫోటో ఉంది. నాన్న దీపాలు సర్దుకుని, కెమెరాలో గాజుప్లేటు పెట్టి, మూత లాగి సిద్ధం చేసుకున్నాడు. నాయనమ్మ వంటింట్లో చేగోడీలు వేయిస్తోంది. నేను వేడి చేగోడీ ఊదుకుంటూ ముందుగదిలో ఉన్నాను. వీధి తలుపు తోసుకుని నలుగురు మనుషులు, వెనక ఆసామి. అందరి చేతుల్లో దుడ్డుకర్రలు. ఒక్కరు కూడా కాళ్ళు కడుక్కోలేదు.

నాన్న తల కాచుకోలేదు, కెమెరాకు అడ్డం వెళ్ళాడు. మొదటి దెబ్బ వీపు మీద పడింది. రెండోది మోకాలి వెనక. ఆయన ఆ తెల్లటి నేల మీద బోర్లా పడ్డాడు. తర్వాత లెక్క లేదు. కర్ర ఒంటి మీద పడితే ఇంత చప్పుడవుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. నాన్న నోట్లోంచి కారిన నెత్తురు సున్నం మీద పడి, పీల్చుకుపోయి, పడిన దానికంటే పెద్ద మరకయ్యింది. చేతికందిన పలకలన్నీ విరిచారు. నాయనమ్మ చిల్లుల గరిటెతో పరుగెత్తుకొచ్చి, మరిగే నూనె ఓడుతున్న ఆ గరిటెతోనే ఒకడి నడుం మీద బాదింది. వాడు పెట్టిన కేకకు వీధి వీధంతా బయటికొచ్చింది.

"ఏ చెయ్యిరా అది?" అన్నాడు ఆసామి. "కుడిచెయ్యి. అది చూడండి ముందు."

పొడగరి ముందుకొచ్చాడు. నాన్న కుడిచెయ్యి నేల మీద చాపి, మోచేతి మీద కాలు పెట్టి తొక్కి, కర్ర ఎత్తి, మణికట్టు మీద దించాడు. చెరుకుగడ విరిచిన చప్పుడు. నాన్న అరవలేదు. నేను అరిచాను. అరుస్తూనే వెళ్ళి వాడి పిక్క పట్టుకుని కొరికాను. ఉప్పగా నెత్తురు నోట్లోకి వచ్చేదాకా వదల్లేదు. వాడు కాలు విదిలించాడు. ఎగిరి వెళ్ళి గోడకు కొట్టుకుని, వంపు మీదుగా కిందకు జారాను. అక్కడ మూల ఉండుంటే నా తల రెండు చెక్కలయ్యేది.

జారి పడి చూస్తే, వాడు రెండోసారి కర్ర ఎత్తుతున్నాడు.

అప్పుడు దీపాలన్నీ ఒక్కసారి వెలిగాయి. గోడ భగ్గుమంది. కెమెరా దగ్గర అమ్మ నిలబడి ఉంది. జడ ఊడిపోయి, మొహం ఎర్రగా, నాన్న గొంతుతోనే అరిచింది.

"కదలొద్దు! ఊపిరి బిగబట్టండి!"

నిలబడ్డారు.

ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు. కానీ నిలబడ్డారు. కర్ర ఎత్తినవాడు ఎత్తినట్టే ఉండి, మొహం కెమెరా వైపు తిప్పాడు. ఒకడు చొక్కా కిందకు లాక్కున్నాడు. ఆసామి కండువా సర్దుకుని గడ్డం పైకెత్తాడు. ఆ వెలుతురు మొహాన పడి, ఆ మాట చెవిన పడితే ఏం చెయ్యాలో మా బందరు చుట్టుపక్కల అందరికీ ఒకటే అలవాటు. అంతెందుకు, కింద నెత్తుట్లో పడి ఉన్న నాన్న కూడా కదల్లేదు. ఊపిరి బిగబట్టాడు. అమ్మ కెమెరాకు వేలాడే రబ్బరు బుడ్డి నొక్కింది, ఫోటో పడింది.

వాళ్ళు తెప్పరిల్లే లోపల అమ్మ ప్లేటు పెట్టెకు మూత తోసి, దాన్ని కెమెరాలోంచి పీకి, చంకలో పెట్టుకుని వీధిలోకి పరుగెత్తింది. వీధి నిండా జనం. "మీ అందరి మొహాలూ ఇందులో ఉన్నాయి, కాళ్ళతో సహా!" అని అక్కడినుంచి అరిచింది. "చంపేవాళ్ళు వచ్చి చంపండి చూస్తాను!" ఆసామి అమ్మనీ జనాన్నీ మార్చి మార్చి చూశాడు. కర్రలు దించి, పెరటి దారిన వెళ్ళిపోయారు. అప్పటికి వంటింట్లో చేగోడీలన్నీ బొగ్గులయ్యాయి.

పక్కవీధి సాయిబుగారు వచ్చి వెదురుబద్దలు వేసి కట్టు కట్టారు. ఎముక అతుక్కుంది గానీ వేళ్ళు మళ్ళీ ముడుచుకోలేదు. అన్నం ముద్ద పట్టేది కాదు. నాన్న ఎడంచేత్తో తినడం, ఎడంచేత్తో దీపాలు జరపడం, ఎడంచేత్తో ప్లేట్లు దిద్దే కుంచె పట్టడం నేర్చుకున్నాడు. నేర్చుకుంటున్నన్నాళ్ళూ ఇంట్లో గిన్నెలు ఎగిరేవి. అమ్మ ఏరి పెట్టేది.

నేల మీద మరక పోలేదు. ఎన్ని పూతలు వేసినా నాలుగు రోజులకు గోధుమరంగులో పైకి తేలేది. చివరికి నాన్న ఫోటోకి వచ్చినవాళ్ళని సరిగ్గా దాని మీదే నిలబెట్టడం మొదలుపెట్టాడు, పాదాలూ వాటి నీడా దాన్ని కప్పేసేలా. మా ఊళ్ళో ఎంతమంది పెళ్ళికూతుళ్ళు మా నాన్న నెత్తుటి మీద నిలబడి నవ్వారో వాళ్ళకు తెలియదు.

ఆసామి మనుషుల చేత కబురు పెట్టాడు, ప్లేటు ఇచ్చేయమని. నాన్న ఒకటే జవాబు చెప్పాడు: "కేసు పెట్టను. ప్లేటివ్వను." అమ్మ దాన్ని కడిగి, ఆరబెట్టి, దేవుడి పటాల వెనక పెట్టింది. అది అక్కడున్నన్నాళ్ళూ వాళ్ళు మా జోలికి రారని ఇంట్లో అందరికీ తెలుసు. నేను అప్పుడప్పుడూ దాన్ని తీసి కిటికీకి ఎదురుగా పట్టుకునేదాన్ని. ప్లేటులో అంతా తలకిందులు. తెల్లగోడ నల్లగా, నల్లటి జుట్టు తెల్లగా. పొడగరి మొహం గోరంత ఉండేది. దాని మీద గోరు పెట్టి నొక్కేదాన్ని.

మరుసటేడు నారుమళ్ళు పోసే రోజుల్లో ఒకామె వచ్చింది. గుమ్మం దగ్గరే ఆగి, ఎవరూ చెప్పకుండానే కాళ్ళు కడుక్కుంది. అవనిగడ్డ అవతల పల్లెటూరట. నాన్న ఏదడిగినా కుడిచెవి ఇటు తిప్పి, మళ్ళీ చెప్పమనేది. ఎడమ చెవి మీద కొంగు కప్పుకుంది.

"ఆయన నిలువెత్తు ఫోటో ఒకటి మీ దగ్గరుందంటండీ. ఎప్పుడూ చెప్పేవాడు. బందర్లో నాకు నిలువెత్తు ఫోటో ఉంది, కాళ్ళతో సహా పడ్డాను అని."

"ఎవరమ్మా ఆయన?"

"బాగా పొడుగండీ. పిక్క మీద మచ్చుండేది. మీ ఇంటికొచ్చినప్పుడే కుక్క కరిచిందంట."

"నేనే ఆ కుక్కని" అన్నాను.

నాన్న ఒక్కసారి పెద్దగా నవ్వాడు. అమ్మ నవ్వలేదు. ఆమెకు మాత్రం ఏమీ అర్థం కాలేదు. నాన్న ముడుచుకోని చెయ్యి ముందుకు చాపి చూపించాడు. ఆమె చేతిని చూసి, నన్ను చూసి, నేల మీద కూలబడింది.

"కాలవ నీళ్ళ కాడ కొట్టుకున్నారండీ. ఈయన ఆసామి తరఫున ముందుకెళ్ళాడు. మొహం గుర్తుపట్టేట్టు లేకుండా కొట్టారు. పెద్దదినానికి పటం పెట్టాల. ఆయనది ఇంకో ఫోటో లేదండీ లోకంలో."

"ఎంత గుండె నీకు!" అంది నాయనమ్మ. "నా కొడుకు చెయ్యి విరగ్గొట్టినవాడికి దండ వేసుకోవడానికి, నా కొడుకునే ఫోటో అడుగుతావా?"

"ఇవ్వొద్దు నాన్నా" అని నేను ఏడుపు లంకించుకున్నాను. కోపంతో వచ్చిన ఏడుపు. వాడు చచ్చినందుకు నాకు సంతోషంగా ఉంది, అలాంటివాణ్ణి పటం కట్టి గోడకు పెట్టుకుంటారంటే ఓర్వలేకపోయాను.

ఫోటో ఉన్నదున్నట్టు ఇస్తే అందులో కర్రలూ, నెత్తురూ, నాన్నా ఉంటారు. దండ వేసే పటం కాదది. మిగతావాళ్ళని తీసెయ్యాలంటే ప్లేటు మీద వాళ్ళు ఉన్నచోటల్లా వెలుతురు దూరని ఎర్రరంగు పుయ్యాలి. అప్పుడు కాగితం మీద అక్కడ వట్టి తెల్లగోడ పడుతుంది. ఆసామి మొహం కూడా ఆ రంగు కిందకు పోతుంది.

"రేపు వాళ్ళు మళ్ళీ వస్తే ఏం చూపిస్తారు?" అంది అమ్మ. "ఇంకో ప్లేటు మీదకు కాపీ తీసి, దాని మీద పూసుకోండి."

"నిలువెత్తులో మొహం గోరంతే ఉంటుంది. కాపీకి నిలవదు. ముద్దయిపోతుంది" అన్నాడు నాన్న. విరిగిన చేతిని ఒళ్ళోకి తీసుకున్నాడు. "నిలబడమన్నాం, నిలబడ్డాడు. నిలబడ్డవాడికి ఫోటో ఇవ్వాలి."

ఇంక ఎవరి మాటా వినలేదు. కిటికీ దగ్గర కూర్చుని, ఎడంచేత్తో కుంచె పట్టుకుని మొదలుపెట్టాడు. నేను ఎదురుగా కూర్చుని కళ్ళతోనే ఆయన్ని చంపుతున్నాను. ముందు ఆసామిని కప్పేశాడు. తర్వాత మిగిలిన మనుషుల్ని. తర్వాత ఎత్తిన చేతిలోని కర్రని, పిడికిలి దగ్గర వెంట్రుకవాసి తేడా రాకుండా. ఆఖరున కింద పడి ఉన్న తన మీదకు వచ్చాడు. కాళ్ళు, వీపు, విరిగిన చెయ్యి, తల. ఒక్కచోట మాత్రం కుంచె ఆపాడు. వాడి పాదాల పక్కన తన ఒంటి నీడ గుప్పెడు పడి ఉంది. దాన్ని వదిలేశాడు.

"అది కూడా తీసెయ్యి. నీదేగా" అన్నాను.

"తీసేస్తే వాడు గాలిలో ఉంటాడే" అన్నాడు.

సాయంత్రానికి ఫోటో ఆరింది. తెల్లటి గోడ ముందు ఒక్కడే పొడుగాటి మనిషి. పంచె ఎగ్గట్టి, చెయ్యి పైకెత్తి, సూటిగా మనల్నే చూస్తున్నాడు. చేతిలో ఏమీ లేదు. తెలియనివాళ్ళు చూస్తే ఎవరినో దీవిస్తున్నాడనుకుంటారు. ఆమె రెండు చేతులా అందుకుని చాలాసేపు చూసింది.

"దూరాన ఉన్నవాళ్ళని పిలుస్తున్నట్టు వచ్చిందమ్మా" అన్నాడు నాన్న, ఏదో ఒకటి చెప్పాలని.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఎడమ చెవి మీది కొంగు తీసింది. ఆ చెవి సగం లేదు. ఉన్న సగం నలిగి, తలకు అతుక్కుపోయి ఉంది.

"పిలవటం కాదండీ. ఈ చెయ్యి నాకు తెలుసు" అంది. "ఇంట్లో లేచినప్పుడల్లా దిగేది." మళ్ళీ ఫోటో వైపు చూసి, కొంగుతో దాన్ని తుడిచింది. "ఇందులో దిగదు గదా. ఇది చాలండీ."

మా నాన్న చెయ్యి విరిగినప్పుడు కూడా ఏడవలేదు. అప్పుడు ఏడ్చాడు. అమ్మ లోపలికెళ్ళి ఆమెకు చల్ల తెచ్చి ఇచ్చింది. నేను మాత్రం ఆమె వెళ్ళిపోయేదాకా ఆ చెవి వైపు చూస్తూనే ఉన్నాను. నేను ఒక్కసారి కొరికినందుకే ఏడాదిపాటు మురిసిపోయాను. ఆమె తరఫున కొరకడానికి ఎవరున్నారు?

ప్లేటు మీది రంగు కడిగెయ్యమని నాన్నకు ఎన్నోసార్లు చెప్పాను. రేపు అనేవాడు. వాళ్ళు మళ్ళీ రాలేదు, ఆయనా కడగలేదు. నాన్నా, అమ్మా పోయారు. బందర్లో ఆ గది ఇప్పుడు సెల్‌ఫోన్ల కొట్టు. బీరువా పట్టడం లేదని గోడ వంపు పగలగొట్టి మూల తీశారట. ప్లేటు మాత్రం నా దగ్గరే ఉంది.

మొన్న స్టూడియో నుంచి వచ్చాక మనవరాలికి చూపించాను. కిటికీకి ఎదురుగా పట్టుకుని, "ఈ ఎర్రది తుడిస్తే ముత్తాత కనిపిస్తారా అమ్మమ్మా?" అంది. కనిపిస్తాడు. తడి దూది చాలు. నాన్న ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. బతికినన్నాళ్ళూ కెమెరా వెనకే నిలబడ్డ మనిషి. ఉన్నది ఇదొక్కటే. పిల్ల వెళ్ళి దూది తెచ్చింది, నీళ్ళలో ముంచి నా చేతికిచ్చింది. నేను దాన్ని ప్లేటు దాకా తీసుకెళ్ళాను కూడా.

ఇది తుడిస్తే నాన్న వస్తాడు. ఆయనతోపాటే కర్రా వస్తుంది, ఆ చెయ్యి మళ్ళీ దిగుతుంది. దూది పిండేసి, ప్లేటు గుడ్డలో చుట్టి, దేవుడి పటాల వెనక పెట్టేశాను.